ఘాటు తగలని మనిషి

గాలి తిరిగింది. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఒక్కసారిగా పందిరి కిందికి కొట్టింది.

తొడిమలు తీస్తున్న ఆడవాళ్ళందరూ తుమ్మారు, ఒక్క వెంకటరావమ్మ తప్ప.

"ముప్పై ఏళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నా. ఘాటు కూడా నన్ను చూసి పక్కకి పోద్ది," అందావిడ గర్వంగా.

అందరూ నవ్వారు. జైతున్‌బీ మాత్రం నవ్వలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. జైతున్‌బీ వారం కిందటే పొదిలి వైపు నుంచి కూలికి వచ్చింది. దర్శి దగ్గరున్న ఆ ఊళ్ళో, నాగేంద్రబాబు కళ్ళంలో పని దొరికింది.

ఎవరితోనూ కలిసేది కాదు. ముఖానికి పాత చీర ముక్క చుట్టుకుని, నాలుగు బారల దూరంలో కూర్చునేది.

రెండో రోజే కొబ్బరి చిప్పలు నున్నగా గీకి తెచ్చి, తలా ఒకటి ఇచ్చి, ఎవరి చిప్పతో వాళ్ళే నీళ్ళు తాగమంది. ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టొద్దని బాదం ఆకులతో విస్తళ్ళు కుట్టింది. తిన్నాక వాటిని ఎరువు గుంటలో వేయించింది. చేతులు కడిగిన కుంకుడు నీళ్ళు చిక్కుడు పాదుకి మళ్ళించింది.

"వచ్చి రెండ్రోజులు కాలేదు, అందరి చేతికీ చిప్ప ఇచ్చేసింది మహాతల్లి," అంది అప్పట్లో తోటి కూలి యలమందమ్మ.

కానీ చిప్పలో నీళ్ళు చల్లగా ఉంటాయని అందరూ వాటికే అలవాటు పడ్డారు.

ఇప్పుడు వెంకటరావమ్మ మాట విని జైతున్‌బీ లేచి రెండడుగులు ముందుకొచ్చింది.

"అక్కా, ఒక కాయ నలిపి వాసన చూడు."

వెంకటరావమ్మ ఎండుకాయ తుంచి, అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. పక్కనున్నవాళ్ళకి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. ఆవిడకి ఏమీ కాలేదు. చూశారా అన్నట్టు అందరివైపూ తిరిగింది.

జైతున్‌బీ ముఖానికి చుట్టుకున్న గుడ్డ బిగించుకుంది.

"పొద్దున కూరలో ఉప్పు తెలిసిందా?"

వెంకటరావమ్మ నవ్వు ఆగిపోయింది. పొద్దున వండిన పప్పు కోడలు శ్రీరమ్య నోట్లో పెట్టుకోలేక పక్కన పెట్టేసింది. రెండుసార్లు ఉప్పు వేశానేమో అనుకుంది తను. రెండు రోజులుగా పొడిదగ్గు. కళ్ళంలో దగ్గనివాళ్ళెవరని దాన్నీ పట్టించుకోలేదు.

"ఇంట్లో ఎవరుంటారు?"

"కోడలు. ఎనిమిదో నెల."

"అయితే ఇంటికెళ్ళొద్దక్కా. ఇట్నుంచి ఇటే పరీక్షకి పద."

వెంకటరావమ్మకి ఒళ్ళు మండింది. తన ఇంటికి తనను వెళ్ళొద్దన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు.

"పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నా. నా వల్ల దానికి రోగం వచ్చుద్దా?"

నాగేంద్రబాబు పరుగున వచ్చాడు. ఈ మాట బయటికి పొక్కితే కళ్ళం మూయిస్తారని, కాయంతా ఎండలోనే ఉండిపోతుందని అతని భయం. నోరు మూసుకుని పని చూసుకోమని జైతున్‌బీని కసిరాడు.

ఆమె వాదించలేదు. సంచిలోంచి ఫోన్ తీసి అంబులెన్సుకి చేసింది.

ఊరంతా చూస్తుండగా, కోడలి కడుపు తలుచుకుని వెంకటరావమ్మ కొంగుతో ముఖం కప్పుకుని బండెక్కింది. బండి మలుపు తిరగ్గానే యలమందమ్మ వెళ్ళి జైతున్‌బీ సంచి తెచ్చి రోడ్డు మీద పడేసింది.

జైతున్‌బీ సంచి తీసుకుని దుమ్ము దులుపుకుంది. "ఆ కోడలి గుమ్మంలో వేళకి విస్తట్లో అన్నం పెట్టి రండి. గిన్నె తిరిగి తెచ్చుకునే పనుండదు," అని మాత్రం చెప్పి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

పరీక్షలో కరోనా అని తేలింది. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు.

శ్రీరమ్యకి రాలేదు. కళ్ళంలో ఇంకెవరికీ రాలేదు. రెండు వారాలపాటు వంతులు వేసుకుని ఆ ఇంటి గుమ్మంలో విస్తరి పెట్టి వచ్చారు ఆడవాళ్ళు. మొదటి వంతు యలమందమ్మే అడిగి తీసుకుంది.

వెంకటరావమ్మ తిరిగొచ్చిన వారానికి, కళ్ళం పక్కగా వెళ్తూ నాలుగుసార్లు తుమ్మింది. తుమ్మినందుకు అంత సంబరపడిన మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

మనవరాలు పుట్టింది. పదకొండో రోజు పురుడు వెళ్ళాక, జైతున్‌బీ ఊరి పేరు నాగేంద్రబాబుని అడిగి తెలుసుకుని, ఉదయం పూట కర్ఫ్యూ సడలింపులో, ఆమెకని ఒక కొత్త చీర పట్టుకుని పొదిలి వైపు ఆటో ఎక్కింది వెంకటరావమ్మ. కూలి మనిషి, ఏ పూరింట్లో ఉంటుందో అనుకుంటూ ఊళ్ళో అడిగింది.

"ఇమాం హుస్సేన్ గారి భార్యేనా?" అంటూ రెండంతస్తుల మేడ చూపించారు. మేడ వెనక కళ్ళం నాగేంద్రబాబు కళ్ళానికి రెండింతలుంది.

దర్శి వైపు నుంచి వచ్చానంటే, కూతురు నజ్మీన్ అరుగు మీద దూరంగా కుర్చీ వేసింది.

"అమ్మ లేదండీ. కూలికెళ్ళింది."

"ఇంత కళ్ళం పెట్టుకుని కూలికా?"

నజ్మీన్ కళ్ళం వైపు చెయ్యి చూపించింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. పోయినేడు వాళ్ళ నాన్న ఆ కళ్ళంలోనే, మిరపకాయల మధ్య నిలబడి, తనకి ఘాటే తెలియడం లేదన్నాడట. మా ఆయన అంతటివాడని అమ్మ పదిమందికి చెప్పుకుని మురిసిపోయిందట. ఆయన ఆ తర్వాత పది రోజులే ఉన్నాడు.

"ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందమ్మా?"

"వెళ్ళేటప్పుడు చెప్పదండీ, తిరిగొచ్చాకే తెలుస్తది. మీది నాలుగో ఊరు. నాలుగు ఊళ్ళలోనూ తరిమేశారు." ఆ మాట చెప్పేటప్పుడు ఆ పిల్ల తల పైకే ఉంది. "నాన్న అన్న మాట ఇంకే కళ్ళంలోనైనా ఎవరి నోటైనా వస్తుందేమోనని, అది వినడానికే వెళ్ళి కూర్చుంటదండీ మా అమ్మ."