డాబా మీద మేఘం

"ఒక్క పేజీ చదువు. చదివావా, ఐదో తరగతిలోనే ఉంటావు. లేదంటే రేపటి నుంచి మూడో తరగతిలో మీ తమ్ముడి పక్కన కూర్చుంటావు" అంది హెడ్ మేడమ్.

పిడుగు ఓ అడుగు వెనక్కి వేసింది. స్కూలంతా ఆ పిల్లని అలాగే పిలుస్తుంది. పాఠం చదవమంటే తడబడుతుంది. క్లాసు నవ్వుతుంది. నవ్విన వాడి వీపు విమానం మోత మోగుతుంది.

"నెల రోజులుగా ఎవరి మీదా చెయ్యెత్తలేదు మేడమ్. రోజూ మధ్యాహ్నం నాకు పుస్తకం చదివి వినిపిస్తోంది" అంది పక్కనే నిలబడ్డ లైబ్రరీ ఆంటీ.

"బుద్ధి వచ్చింది సరేనండీ, చదువు వచ్చిందా అని!"

పిడుగు తల దించుకుంది. పాపం, ఆంటీ ఎంత అమాయకురాలు! తనేనాడు చదివింది కనుక? పుస్తకం తెరిచి, బొమ్మ చూసి, నోటికొచ్చిన కథ అల్లేసేది. ఆంటీ చిరిగిన పుస్తకాలు సూదీ దారంతో కుడుతూ ఊ కొట్టేది. మధ్యమధ్య కాగితం మీద ఏదో రాసుకునేది. "తర్వాతేమైందే తల్లీ?" అనేది. లైబ్రరీ కిటికీలోంచి పడే ఎండ కూడా ఆగి వింటున్నట్టుండేది. ఆ గదిలో ఎవరూ నవ్వేవారు కాదు.

"ఇది చదవనివ్వండి మేడమ్" అంటూ ఆంటీ అట్టవేసిన పుస్తకమొకటి చేతికిచ్చింది. ఇంకా జిగురు వాసన పోలేదు. పిడుగు తెరిచి చూసింది. ఒక్క బొమ్మ లేదు! అన్నీ పెద్దపెద్ద అక్షరాలే.

చచ్చాన్రా దేవుడా అనుకుంది.

"మే... ఘా... మేఘానికి... ని... ద్ర... నిద్రొచ్చింది."

గబుక్కున తలెత్తి ఆంటీ వైపు చూసింది. ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"మేఘానికి నిద్రొచ్చింది. స్కూలు డాబా మీద పడుకుంది. ఎవరో నవ్వితే మెలకువొచ్చి... మెల్లగా మెట్లు దిగింది. అది నడిచిన చోటల్లా నేల దూదిలా మెత్తబడింది. నవ్విన వాళ్ల చెవుల్లో కాస్త చల్లదనం పోసి, మళ్లీ పైకెళ్లి పడుకుంది."

కంటి కంటే ముందే మాట నోట్లోకి వచ్చేస్తోంది. గొంతు పెరిగింది. హెడ్ మేడమ్ చేతిలో పెన్ను ఎప్పుడో ఆగిపోయింది. గదిలోకి తెల్లగా ఏదో దిగి, బల్లల మీదా, ఫైళ్ల మీదా ఒత్తిగిలి పడుకున్నట్టనిపించిందావిడకి. పేజీ అయిపోయినా పిడుగు ఆపలేదు. మేడమ్ ఆపమనలేదు.

కథ పూర్తయ్యాక ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది.

"ఐదో తరగతికి వెళ్లి కూర్చో తల్లీ. ఎంత బాగుందే ఈ కథ! ఇంతకీ ఎవరు రాశారు?"

"మొదటి పేజీలో ఉంటుంది. నువ్వే చదివి చెప్పు" అంది ఆంటీ.

పిడుగు పేజీలు వెనక్కి తిప్పింది. నల్ల సిరాతో రెండే మాటలు. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"ర... చ... న... పి... డు... గు."