ఏడు తూటాల తుపాకి

"ఏడు! అన్నా, ఇప్పుడు దీంట్లో ఏడు తూటాలు పడతాయి!"

పడవ రేవులో ఉన్న వాళ్ళందరికీ వినపడేలా అరిచింది లేసీ.

అమెరికాలోని ఆర్కన్సాలో ఆ రోజే బాతుల వేట మొదలు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.

ఆమెకిదే మొదటి తుపాకి. పంప్ షాట్‌గన్. కొన్నప్పటినుంచీ దాన్ని పెళ్ళికూతుర్ని చేస్తూనే ఉంది. భుజానికి పట్టీ, పక్కన తూటాల జేబు, కింద టార్చిలైటు. పగలు బాతుల వేటకి, రాత్రి ఊరి చివర తన ఒంటరి ఇంటికి కాపలాకి. నిన్ననే తూటాలు నిలవుండే గొట్టాన్ని తీసేసి పొడుగుది బిగించింది.

"సోకు సరే. వేటల్ని తనిఖీ చేసే వార్డెన్‌కి దొరికావో, నా పడవ మళ్ళీ ఎక్కనివ్వను. అర్థమైందా?" అన్నాడు అన్న డెన్వర్.

"అమ్మాయ్, గొట్టంలో ఓ చెక్కపుల్ల ఉండాలే?"

వెనక్కి తిరిగింది. ఎవరో ముసలాయన. ఒంటిమీద మాసిన కోటు, చేతులు ఖాళీ.

"ఉండేది. అడ్డంగా ఉందని పారేశా."

"బాతులకి మూడే తూటాలమ్మా. అంతకి మించి పట్టకుండానే ఆ పుల్ల."

"తెలుసు తాతా. మూడే వేస్తా."

"ఎన్ని వేశావని కాదు, ఎన్ని పడతాయని చూస్తారు."

లేసీకి చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వేమైనా వార్డెన్‌వా?"

"కాదు."

"చేతిలో తుపాకే లేదు, తుపాకి గురించి నువ్వు నాకు చెబుతావా?"

పక్క పడవల వాళ్ళు నవ్వారు. ముసలాయనా నవ్వాడు. జేబులోంచి చాకు తీసి ఒడ్డునున్న చెట్టుకొమ్మ కోశాడు. గొట్టం పక్కన పెట్టి చూసి, చకచకా చెక్కి చేతికిచ్చాడు.

"పెట్టెయ్యవే, తెల్లారిపోతోంది!" విసుక్కున్నాడు డెన్వర్.

గొట్టం మూత విప్పి పుల్ల దోపింది. మాటులోకి వెళ్ళగానే పీకేయాలనుకుంది.

పీకడానికి తీరికెక్కడ?

మాటులో కూర్చున్నారో లేదో ఆకాశం నిండా బాతులు. డెన్వర్ బాతుల్ని పిలిచే పీక ఊదాడు. నీట మునిగిన చెట్ల మధ్యకి గుంపు రెక్కలు ముడిచి దిగింది.

"ఇప్పుడే! కొట్టు!"

ఢాం! చక్ చక్. ఢాం!

ఆకుపచ్చ తల బాతొకటి నీళ్ళలో పడింది.

"పడింది! అన్నా, నాదే! నేనే కొట్టా!"

"చూశాలేవే, పడవ తిరగబడుతుంది, కూర్చో!" డెన్వర్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

ఆ కేరింతల్లో ఇంకో పడవ వచ్చి ఆగిన సంగతే గమనించలేదు.

వార్డెన్.

లేసీ తుపాకి ఖాళీ చేసి ఇచ్చింది. ఆయన గొట్టంలోకి తూటాలు తోశాడు. ఒకటి. రెండు. మూడోది ఎంత తోసినా వెళ్ళలేదు.

"బావుంది. గొట్టంలో రెండు, కాల్చే గదిలో ఒకటి, మూడే. ఇంత పొడుగు గొట్టం చూసి, ఇవాళ్టి మొదటి కేసు నీదే అనుకున్నా."

తుపాకి, లైసెన్సు, ఈ మాటులో చోటు, అన్నీ వెంట్రుకవాసిలో దక్కాయి!

"రేవులో ఓ తాత పుల్ల చెక్కి ఇచ్చాడు సార్! నేనేమో అందరి ముందూ వెక్కిరించా. ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా."

"మాసిన కోటు? చేతిలో తుపాకి లేదా?"

"అవును సార్! మీకు తెలుసా?"

"ఇప్పుడక్కడ ఉండడమ్మా. మొదటి కాల్పులు వినపడగానే వెళ్ళిపోతాడు. ఒకప్పుడు ఈ అడవిలో ఆయనంత వేటగాడు లేడు."

"మరి ఎందుకు మానేశాడు?"

"ఆయన తుపాకిలో పుల్ల లేదు. తుపాకీ, లైసెన్సూ పోయాయి. కొత్తగా ఉద్యోగంలో చేరి, నేను రాసిన మొదటి కేసు అదే."

"అయితే మీమీద కోపమా?"

వార్డెన్ తుపాకి తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను రాయకుండా పుస్తకం మూసేయబోతే, 'రాయరా, ఇవాళ నాన్నని వదిలేస్తే రేపు ఇంకెవర్ని పట్టుకుంటావు?' అన్నాడు."