లిఫ్టాయన ఆరాలు

ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మనిషి మీద ఆమెకు మొదటి రోజే అనుమానం కలిగింది.

ఆమె భర్త బేకరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. గ్యాసు గొట్టం పగిలి మంట ఎగదన్నడంతో కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. తప్పంతా అతని అజాగ్రత్తదేనని యజమాని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ యజమాని మనుషులు ఎక్కడ, ఏ వేషంలో ఉంటారో ఎవరికి తెలుసు?

డాక్టరమ్మ, చనిపోయినవాళ్లెవరో దానం చేసిన చర్మాన్ని పుండు మీద కప్పింది. ఇది కొన్నాళ్ల మాటేననీ, చీము పట్టకుండా కాస్తుందనీ, కింద కండ ఎర్రగా తేరుకున్నాక దీన్ని తీసేసి అతని తొడ చర్మమే వేస్తామనీ చెప్పింది.

కట్టు మార్చడానికి కిందికి తీసుకెళ్లినప్పుడల్లా లిఫ్టాయన ఆరా తీసేవాడు. బాగా అతుక్కుందా, రంగేమైనా మారిందా, చీము పట్టలేదు కదా అని. మిగతా రోగుల్ని కన్నెత్తి చూడడు. వీళ్ల స్ట్రెచర్‌ని మాత్రం గాజుబొమ్మను దింపినట్టు దింపుతాడు. ఓసారి ఆమె అటు తిరగ్గానే కట్టు మీద వేలు ఆనించాడు. ఆమె చూసి, భర్త చేతి మీదికి దుప్పటి లాగేసింది.

నర్సుకు చెబితే ఆవిడ తల దించుకుంది. చూసీచూడనట్టు ఊరుకొమ్మంది. అంతా ఒకే తాను ముక్కలేనని ఆమెకు తేలిపోయింది. యజమాని మాట లిఫ్టులో ఎత్తొద్దని భర్తకు గట్టిగా చెప్పింది.

ఆ వేళ కట్టు విప్పి చూసి డాక్టరమ్మ నవ్వింది. కండ చక్కగా తేరుకుంది, రేపే సొంత చర్మం వేసేద్దామంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పైకి వెళుతూ, ఆ సంతోషంలో ఉండబట్టలేక భర్తతో అనేసింది.

"రేపటితో ఈ అరువు తోలు పీడ వదిలిపోతుంది."

లిఫ్టాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. అంతస్తు రాకముందే లిఫ్టు ఆపేశాడు.

"రేపేనామ్మా? ఇంకో రెండు రోజులు ఉంచమని అడగరాదూ?"

ఇక ఆమె ఓర్చుకోలేకపోయింది. స్ట్రెచర్‌కు అడ్డంగా నిలబడింది.

"మా ఆయన బాగుపడితే నీకెందుకయ్యా కష్టం? ఎవరు పెట్టారు నిన్ను మా మీద?"

చెప్పకూడదని నర్సు ఒట్టు వేయించుకున్నా, అతని నోరు ఆగలేదు.

"రేపు తీసేసేది మా ఆవిడ చర్మమమ్మా."