ఈరీ అన్న మాట

రాస్మీ సంచిలో ఊలు మేజోళ్ళు కుక్కుతూ ఓస్లా అంది: "ఇవాళ ఈరీగా ఉంది. చేపల వేటకి వెళ్ళకు."

"ఏది ఈరీ?" గడ్డం గీసుకుంటూనే అడిగాడు రాస్మీ.

"అన్నీ. గాలి లేదు, అల చప్పుడు లేదు. పిల్లి రాత్రినుంచి పాలు ముట్టలేదు."

"పక్కింట్లో చేప తినొచ్చి ఉంటుంది. మొన్న గంజి ఉండకట్టినా ఈరీ అన్నావు. మెరాన్ పెద్దమ్మ గొర్రె నల్లపిల్లని ఈనితే అదీ ఈరీయే నీకు."

ఆమె ఒక్కతేనా, మా షెట్లాండ్ దీవుల్లో అందరం అంతే. ఒకప్పుడు దయ్యం తిరిగే ఇంటికి వాడిన మాట అది. ఇప్పుడు మూత ఊడిరాని సీసాకీ అదే. వాడి వాడి ఆ మాటలో భయం అరిగిపోయింది. ఆడవాళ్ళలో భయం మాత్రం అలాగే ఉంది, చెప్పుకోవడానికి వేరే మాట లేదు.

"సరే, ఆ మాట వద్దులే," అంది ఓస్లా. సంచి మూతి ఇంకా బిగించలేదు. "అలసిపోయాను రాస్మీ. నువ్వు పడవెక్కింది మొదలు దిగేదాకా నాకు కంటిమీద కునుకుండదు. ఈసారి ఎదురుచూడటం నా వల్ల కాదు. ఈ ఒక్కసారికీ ఉండిపో, నాకోసం."

"ప్రతిసారీ ఇదే అంటావు. ప్రతిసారీ నేను రాలేదా?"

"వచ్చావు."

"మరింకేం? పెళ్ళాం వద్దందని ఇంట్లో కూర్చుంటే రేవులో నాకు గౌను తొడుగుతారు."

ఆమె నవ్వలేదు. అతనే సంచి బిగించి భుజాన వేసుకున్నాడు. వేటకెళ్ళేవాడికి మా దగ్గర వీడ్కోలు చెప్పకూడదు, గుమ్మంలో నిలబడి చూడకూడదు. ఓస్లా పొయ్యివైపు తిరిగి నిలబడింది. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక కూడా కాసేపు అలాగే ఉంది.

రేవు దారి మలుపులో రాస్మీకి పాదిరిగారు ఎదురొచ్చారు. నల్లకోటు, చంకలో గొడుగు, ముఖం నిండా నవ్వు. వేటకెళ్తూ పాదిరి ముఖం చూసినవాడు ఆ రోజు పడవెక్కడు. రాస్మీ దూరంనుంచే పడవవాళ్ళకి చెయ్యి ఊపి, నల్లకోటు వైపు చూపించాడు. వాళ్ళు తలూపి తాడు విప్పేసుకున్నారు. అతను వెనక్కి తిరిగాడు.

గోడ పక్కన మెరాన్ పెద్దమ్మ బట్టలారేస్తోంది.

"ఒరే, ఇప్పుడే నీ గురించి అనుకుంటున్నా, నువ్వే ఊడిపడ్డావు. ఈరీ."

"పాదిరి ఎదురొచ్చాడు పెద్దమ్మా."

"బాగుందిరా. పెళ్ళాం బతిమాలితే ఆగవు గానీ, పాదిరి నవ్వితే ఆగిపోతావు. రా, టీ తాగి వెళ్ళు."

తాగి, చేపల ధరల గురించి కాసేపు మాట్లాడి, ఇంటికొచ్చాడు.

"ఓస్లా, నీ మాటే నెగ్గింది," అన్నాడు తలుపు తీస్తూనే.

పొయ్యి దగ్గర ఓస్లా లేదు. పొయ్యిలో మండించే పీట్ మట్టిగడ్డలు తేవడానికి వెనక్కి వెళ్ళి ఉంటుందనుకున్నాడు. ఈ కబురు వింటే ఆమె ముఖం ఎలా వెలుగుతుందో తలుచుకుంటే అతనికే నవ్వొచ్చింది. బూట్లు విప్పాడు. నీళ్ళు కాగబెట్టి, కప్పులు రెండూ బల్లమీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ తర్వాత రాస్మీ ఎన్నోసార్లు వేటకెళ్ళాడు, ప్రతిసారీ తిరిగొచ్చాడు. 1958 మార్చిలో ఆ మంగళవారం, అతను రేవుదారి పట్టగానే పొద్దుటి బస్సెక్కిన ఓస్లా మాత్రం తిరిగి రాలేదు.