రష్యన్ ఏడుపు

“ఈసారి మా నాన్ననే చంపండి సార్! కంట్లోంచి చుక్క రాలితే ఒట్టు!”

హేమ అలా అడిగింది కిందటి శుక్రవారం. క్లాసంతా గొల్లుమంది. గంగాధర్ మాస్టారు కూడా నవ్వేసి, “చూద్దాంలేమ్మా” అన్నారు.

ఎమ్మే పిల్లలకి పాత రష్యన్ కథలు చెప్పడంలో మాస్టారిది అదో తీరు. ఆయన పాఠం ఎత్తుకున్నారంటే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినట్టే. ముందుబెంచీ వాళ్ళు ఎండాకాలంలో కూడా గొడుగులు తెచ్చుకుంటారని బెజవాడంతా చెప్పుకుంటుంది. అలా ఏడుస్తూ ఏడుస్తూనే ఉన్నట్టుండి ఒకర్ని లేపి, ఓ చావుకబురు చెబుతారు. వాళ్ళేం చేస్తారో అందరూ చూస్తారు, మాస్టారు మార్కులేస్తారు.

“రష్యన్ కథలో దుఃఖం కళ్ళల్లోంచి రాదర్రా, వేళ్ళల్లోంచి వస్తుంది” అనేది ఆయన మాట.

హేమ వంతు వచ్చినప్పుడు మేనత్త పోయిందన్నారు. నాగాయలంక పిల్ల, సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లు. ఊళ్ళో చూసిందే చేసింది. గుండెలు బాదుకుంటూ “ఓ నా అత్తో!” అని రాగం తీసింది. నిజమే అనుకుని పక్క క్లాసువాళ్ళు మంచినీళ్ళ సీసాలతో పరిగెత్తుకొచ్చారు.

ఆ రోజు నుంచీ ఆమె అసలు పేరు మాసిపోయింది. క్లాసులో అల్లరి పిల్లాడు పవన్‌కుమార్ ఎదురుపడితే చాలు, “ఏం ఓ నా అత్తో, టిఫినయిందా?” అంటాడు. ఎలాగైనా ఆ పేరు చెరిపేసుకోవాలని, హేమ హాస్టల్ అద్దం ముందు కూర్చుని ఏడవకుండా ఉండటం సాధన చేసింది.

“సాయంత్రం బస్టాండుకి తోడు రావే ఉషా,” ఇవాళ క్లాసు మొదలవబోతుంటే, ఫోన్ ఆపి బ్యాగులో పడేస్తూ పక్కనున్న స్నేహితురాలితో అంది హేమ. మాస్టారి క్లాసులో ఫోన్ మోగకూడదు. “నాన్న వేటకెళ్తూ బస్సు డ్రైవరుకి చేపల పులుసు డబ్బా ఇచ్చాట్ట.”

“ముళ్ళు తీసి పంపాడా, ఓ నా అత్తో?” వెనక నుంచి పవన్‌కుమార్.

“నీ నోట్లో గుచ్చుకోడానికి ఉంచాడు.”

మాస్టారు ఆలస్యంగా వచ్చారు. చేతిలో పుస్తకం లేదు.

“పుస్తకం లేదంటే ఇవాళ ఉత్త యాక్షనే రోయ్!” పవన్‌కుమార్ గుసగుసలాడాడు.

“హేమా, ఒకసారి బయటికి రామ్మా.”

హేమ చటుక్కున లేచింది. వంతు మళ్ళీ తనకే! “ఇక్కడే చెప్పండి సార్. అందరూ చూడాలిగా.”

“అది కాదమ్మా... బయట చెబుతాను.”

“సార్ ఇవాళ ఇరగదీస్తున్నారు!” అన్నారెవరో. పిల్లలు బెంచీల మీద ముందుకు వంగారు.

“నేను రెడీ సార్.”

మాస్టారు కళ్ళజోడు తీశారు. “మీ నాన్నగారి పడవ తిరగబడిందమ్మా. ఆయన... లేరు.”

హేమ ఏడవలేదు. పెన్నుకి మెల్లగా క్యాప్ పెట్టింది. చున్నీ కొసతో బల్లమీది సుద్దపొడి తుడిచింది. తర్వాత ఉష వైపు తిరిగి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది.

“పులుసు డబ్బా తొందరగా తెచ్చుకోవాలే. ఎండకి పాడైపోతుంది.”

మరుక్షణం చప్పట్లతో, ఈలలతో పైకప్పు లేచిపోయింది. “చంపేశావే!” అంటూ ఉష కళ్ళు ఒత్తుకుంది. పవన్‌కుమార్ బెంచీ ఎక్కి, “నేటి నుంచీ హేమగారు! హేమగారు!” అని అరిచాడు.

హేమ మొహం మతాబాలా వెలిగిపోయింది. మాస్టారి బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. అవి రోజూ ఉండేవే.

“ఎన్ని మార్కులు సార్?” అంది నవ్వుతూ.

మాస్టారు పడిపోకుండా గోడ పట్టుకున్నారు.

“నేనింకా పాఠం మొదలుపెట్టలేదమ్మా.”