పెరట్లోకి కిటికీ

పక్కింటివాళ్లు మేడ మీద గది వేసి, దాని కిటికీ వడ్రంగి పెరట్లోకి పెట్టారు. అది తప్పు. ఆయన దృష్టిలో అందులో రెండో మాటకు చోటు లేదు.

ఆ కిటికీ దగ్గర కూర్చుంటే కుళాయి నుంచి దండెం దాకా పెరడంతా కనిపిస్తుంది.

కూర్చునేది ఒక ముసలామె. కొత్తగా ఆ ఇల్లు కొనుక్కున్నవాళ్ల తల్లి. ఆయాసం మనిషి. కింద గదుల్లో గాలాడటం లేదని కొడుకు పైన గది వేయించాడు. పైకి ఎక్కాక ఆమె మళ్లీ దిగింది లేదు.

వడ్రంగి భార్య పోయి ఏడాది దాటింది. ఆస్పత్రిలో పోయింది. ఆడవాళ్ల వార్డులో రాత్రిపూట మగవాళ్లను ఉండనివ్వరు. పొమ్మంటే ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారి వేడినీళ్ల ఫ్లాస్కుతో వెళ్లేసరికి మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

రోజూ సాయంత్రం ఆవిడ శాలువా పెరట్లో గాలికి ఆరేస్తాడు. తర్వాత ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెబుతాడు. పాలు పొంగిపోయాయనీ, తలుపు బందు ఊడిందనీ. చివరికి ఎప్పుడూ ఒకటే అడుగుతాడు.

"ఆ రాత్రి నాకోసం చూశావా?"

ఒకరోజు అలా అడగ్గానే పైనుంచి పిలుపు వినిపించింది.

"అన్నయ్యగారూ! ఒక్క మాట..."

వడ్రంగి శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

"ఇంకొకళ్ల ఇంట్లోకి తొంగి చూసేది చాలక చెవులు కూడా ఇటే పెట్టారా?"

"అది కాదండీ. మీ ఆవిడగారు..."

"ఆవిడ ఊసు మీకెందుకు?"

తలుపు ధడాలున వేసుకున్నాడు.

మర్నాడే మున్సిపల్ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు చేశాడు. ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. గోడకూ గోడకూ మధ్య వదలాల్సినంత జాగా వదల్లేదు. కిటికీ మూసేయాల్సిందే.

ముసలామె కొడుకు గొడవ పడతాడని వడ్రంగి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. అవి వాడే అవసరం రాలేదు. మూడోనాటికి తాపీమేస్త్రి ఇటుకలతో దిగాడు.

"ఊరందరికీ కిటికీలు చేసి బతికినోడివి. నువ్వే మూయిస్తున్నావేంటి బాబాయ్?" అన్నాడు మేస్త్రి, పరంజా మీద నుంచి.

"చేసినప్పుడు ఎటు పెట్టాలో కూడా చెప్పేవాణ్ణి. నీ పని చూసుకో."

"నాదేం పోయింది. మూసినా పనే, తీసినా పనే."

కొడుకు గోడ దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్ గారూ, ఒక్కసారి పైకి రండి. అమ్మ మీతో మాట్లాడాలంటోంది."

"బతిమాలడానికా?"

"కాదండీ. కిటికీ మూసేయమన్నది అమ్మే."

"మరి ఇంక మాట్లాడేదేముంది?"

కిటికీ మూసుకుపోయింది. ముసలామె మంచం వీధి వైపు కిటికీ దగ్గరికి మారింది.

ఆ తర్వాత కొడుకు రెండుమూడు సార్లు వచ్చి తలుపు తట్టాడు. లోపల ఉండి కూడా వడ్రంగి తీయలేదు. రాజీకి వచ్చాడనుకున్నాడు. రాజీ పడే అలవాటు ఆయనకు లేదు.

వానలు మొదలవగానే ముసలామె పోయింది.

పలకరించకపోతే బాగోదని వడ్రంగి పక్కింటి గేటు దాకా వెళ్లాడు. లోపలికి మాత్రం వెళ్లలేదు. కొడుకే బయటికి వచ్చాడు.

"ఆయాసమేనా?"

"అవునండీ."

ఇంకేం అనాలో తోచలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఇల్లు కొనేముందు ఇరుగుపొరుగును విచారించుకోవాలయ్యా. ఎవరు అంటగట్టారు మీకీ కొంప?"

"పిన్నిగారేనండీ."

"ఏ పిన్ని?"

"మీ ఆవిడగారు. మా పక్కిల్లు అమ్ముతున్నారు, వచ్చేయండి, తోడుగా ఉంటారు అన్నారట అమ్మతో."

వడ్రంగికి అర్థం కాలేదు.

"మీ అమ్మ ఆవిడకెలా తెలుసు?"

"ఆస్పత్రిలోనండీ. ఆయాసం ముదిరి మానేసింది గానీ, ఆ వార్డులో రాత్రి ఆయా అమ్మే. ఆఖరి రాత్రి తెల్లవార్లూ పిన్నిగారి చెయ్యి పట్టుకుని కూర్చుంది. మీకు చెప్పమని ఆవిడ ఏదో చెప్పారట."

వడ్రంగి గేటు మీదికి వంగాడు.

"ఏమని?"

"నాకు చెప్పలేదండీ. ఆ మాట ఆయన చెవిలోనే వెయ్యాలి, నీకెందుకురా అంది."

"ఆవిడ ఆయా అని నువ్వైనా ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా! నీ నోటికేమైంది?"

"నేను చెబుతానన్నానండీ. అమ్మ ఒప్పుకోలేదు. 'ఇప్పుడు చెబితే ఆవిడ మాటను కిటికీకి బేరం పెట్టినట్టుంటుంది. ముందు కిటికీ మూయించు, తర్వాత చెబుతా' అంది."

వాన సన్నగా మొదలైంది. ఇద్దరూ తడుస్తూనే నిలబడ్డారు.

"బాబాయ్ గారూ, మీరు లోపలికి..."

"ఈ సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తకు. నువ్వు కాదు, ఎవరెత్తినా నేను మాట్లాడను."