కళ్యాణి మానేసింది

మాదాపూర్‌లోని కాల్ సెంటర్‌కు ప్రభుత్వ అధికారి తనిఖీకి వచ్చాడు. నేరుగా రూబీ సీటు దగ్గర ఆగాడు.

"ఏ ఫీజూ లేదని చెప్పి క్రెడిట్ కార్డులు అంటగట్టిన కళ్యాణి ఎవరమ్మా? ఫిర్యాదులన్నిట్ల ఆ పేరే ఉన్నది."

రూబీ హెడ్‌సెట్ తీసి లేచి నిలబడింది. "మానేసిందండి. మేనేజరు రాసిచ్చిందే చదివిందండి తను. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. కేసు పెట్టకండి సార్, మీకు దణ్ణం పెడతాను."

"ఇప్పుడు ఏడున్నది?"

"తెలీదండి. ఊరెళ్లిపోయింది."

అధికారి ఆమెను కాసేపు చూశాడు. "సరే, నీ పని చేసుకో."

రూబీ కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుంది. అతను ఇంకా తలుపు దాటలేదు. ఇంతలో కాల్ కలిసింది. రోజూ పలికే మాటలే నోటికి వచ్చేశాయి.

"నమస్తే అండి, కళ్యాణిని మాట్లాడుతున్నాను."